కంచె బయటి బెల్మోంతేలు

మా నాన్న క్లియోఫాస్ బెల్మోంతే నలభై మూడేళ్ళ పాటు మా ఊళ్ళో పోయిన ప్రతి మనిషికీ గొయ్యి తవ్వాడు. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ పుచ్చుకోలేదు. అలాంటివాడు తాను పోయాక, తన చేత్తో ఎన్నో గోతులు తవ్విన కంచె లోపల ఆరడుగుల నేలకు నోచుకోలేదు. ఈ మాట చెబుతుంటే ఇప్పటికీ నా పళ్ళు బిగుసుకుంటాయి.

మాది న్యూమెక్సికో ఉత్తరాన కొండల మధ్య లోమా సెకా అనే ఊరు. చర్చి వెనక వాలులో సమాధుల తోట. దాని పై భాగం చుట్టూ ఈటెమొనల ఇనుప కంచె ఉంటుంది. మా తాతల కాలంలో రైలు మీద తెప్పించిన కంచె అది. లోపల కెప్టెన్ దోన్ సాంతియాగో బెల్మోంతే, ఆయన కొడుకులు, మనవలు, వాళ్ళ పాలరాతి దేవదూతలు. కంచెకు ఒకటే గేటు, దానికి ఒకటే తాళం. తాళంచెవి బెల్మోంతే వారసుల సంఘం పెద్ద దోన్ అదెలైదో దగ్గర ఉంటుంది. ఆయనకు ఊరి మొదట్లో కలప అడితి ఉంది.

మేమూ బెల్మోంతేలమే, కాకపోతే కింది వీధి బెల్మోంతేలం. నేను స్కూలు బస్సు నడుపుతాను. పేరు దెల్ఫీనియా. పెళ్ళి చేసుకోలేదు, నాన్నతోనే ఉండిపోయాను.

నాన్న 1987 మార్చి రెండోవారంలో పోయాడు. ఆ నెలలో మా నేల ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంటుంది. గొయ్యి తవ్వాలంటే ముందురోజు ఆ చోట దుంగలు పేర్చి మంట వెయ్యాలి. అది నాన్న దగ్గరే నేర్చుకున్నాను. అందుకని తెల్లారగానే అడితికి వెళ్ళాను.

"దోన్ అదెలైదో, తాళంచెవి కావాలండి. ఇవాళే మంట వేస్తేగాని రేపటికి నేల మెత్తబడదు."

ఆయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "క్లియోఫాస్ మంచివాడమ్మా. మంటెక్కడ వేద్దామని?"

"లోపలేనండి. మీ నాన్నగారు మాటిచ్చారు కదా, నాకు గొయ్యి తవ్వే చేతికి నా పక్కనే చోటుంటుందని. ఊరంతా విన్నారు."

"మా నాన్న ఇచ్చిన మాట మా నాన్నతోనే పోయింది. ఇప్పుడు సంఘం ఉంది, నియమాలున్నాయి. కెప్టెన్‌గారి రక్తమైతేనే లోపల."

"మా ఇంటిపేరు బెల్మోంతే కాదా?"

"ఇంటిపేరుదేముందమ్మా, ఎవరైనా తగిలించుకోవచ్చు. పాతరోజుల్లో పనివాళ్ళు దొరల పేరు పెట్టేసుకునేవాళ్ళు. మీది ఆ బాపతేమో, నాకేం తెలుసు? దోన్ సాంతియాగో దాకా కాగితం పట్టుకురా. నేనే దగ్గరుండి గేటు తీస్తా."

"శవాన్ని ఇంట్లో పెట్టుకుని కాగితాల కోసం తిరగమంటారా?"

"నేనేం చేసేదమ్మా. నియమం నియమమే."

నాన్నను కంచె కింద, ఎండిపోయిన పూలదండల తీగలూ వెలిసిపోయిన ప్లాస్టిక్ పూలూ పారబోసే మూల పక్కన పూడ్చాం. నాన్నతో పాతికేళ్ళు పారపట్టిన మెలితోన్ తవ్వాడు. ఏడుస్తూ తవ్వాడు. పై వీధి బెల్మోంతేల్లో వచ్చింది ఒక్క మనిషే. దోన్ అదెలైదోకి మేనత్త, ఎనభై ఎనిమిదేళ్ళ రమోన్సితా. కర్ర ఊతంతో మంచులో చివరిదాకా నిలబడి, ఎవరితో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

మా చర్చి గురువు ఫాదర్ కెవిన్ వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కుర్రవాడు, మెత్తనివాడు. నా భుజం తట్టి, "దేవుడు కంచెలు చూడడమ్మా" అన్నాడు.

"ఆయన చూడడు సరే ఫాదర్. మీరు చూస్తున్నారుగా?" అన్నాను.



మే నెలాఖరుకి బడులు మూశారు. బస్సు షెడ్డులో పెట్టేసి, మంగళవారం మంగళవారం నాన్న పాత ట్రక్కులో పట్నానికి బయల్దేరాను. గంటన్నర దారి. మా కొండల్లోని పాత చర్చిల పుస్తకాలన్నీ మేత్రాసనం, అంటే బిషప్‌గారి కార్యాలయం వాళ్ళు అక్కడొక నేలమాళిగలో దాచారు. జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు అన్నీ ఉన్నాయి. అసలు పుస్తకాలు ముట్టుకోనివ్వరు. వాటిని ఫొటోలు తీసిన ఫిల్ము చుట్టల్ని ఒక మిషన్లో పెట్టి, చేతిపిడి తిప్పుతూ చదువుకోవాలి.

మొదటిరోజు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. స్పానిష్ నేను పుట్టి మాట్లాడిన భాషే. కానీ ఆ గురువుల రాత చీమలు సిరాలో దొర్లి పాకినట్టుంది. ఎలకలు కొట్టేసిన అంచులు, ఒక పేజీ సిరా రెండో పేజీలోకి దిగిపోవడం, సగం సగం రాసి వదిలేసిన మాటలు. పన్నెండింటికల్లా తల పగిలిపోయింది.

పక్క మిషను దగ్గర ఒక ముసలాయన నన్ను చూసి నవ్వాడు. ఒనేసిమో మాద్రిల్ ఆయన పేరు. రైల్వేలో తంతి గుమాస్తాగా చేసి రిటైరయ్యాడట. ఆరేళ్ళుగా రోజూ ఇక్కడే కూర్చుని వచ్చినవాళ్ళకు చదివిపెడుతూ ఉంటాడు.

"ఎవరి కోసం తల్లీ?"

"కెప్టెన్ సాంతియాగో బెల్మోంతే దాకా వెళ్ళాలండి."

"అబ్బో, అందరూ కెప్టెన్ల దాకానే. ఈ గదిలోకి వచ్చినవాళ్ళలో వంటవాడి దాకా వెళ్ళాలని అడిగినవాణ్ణి నేను చూళ్ళేదు." కుర్చీ జరుపుకుని నా పక్కకు వచ్చాడు. "పైనుంచి కిందికి రాకు. దారి తప్పుతావు. మీ నాన్న దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టూ వెనక్కి నడువు. ముందు పెళ్ళి పట్టుకో. పెళ్ళి రాతలో అమ్మానాన్నల పేర్లుంటాయి. అవి పట్టుకుని వాళ్ళ జ్ఞానస్నానానికి వెళ్ళు."

అలా నడిచాను. నాన్న క్లియోఫాస్, 1909. ఆయన తండ్రి ప్రుదెన్సియో, 1878. అది రెండు మంగళవారాల పని. ప్రుదెన్సియో తండ్రి పేరు హోసే రఫాయెల్ బెల్మోంతే, తల్లి కిరీనా. ఆ పేర్లు నాన్న నోట విన్నవే. అంతకు ముందు ఎవరని అడిగితే మాత్రం నాన్న, "ఇంకెవరు, బెల్మోంతేలే" అని మాట దాటేసేవాడు.

హోసే రఫాయెల్ కోసం మూడు వారాలు పట్టింది. ఆయన పెళ్ళి రాతలో అమ్మానాన్నల పేర్లుండాల్సిన చోటు ఎలకలు కొట్టేశాయి. జులై మొదటి మంగళవారం 1846 పుస్తకంలో దొరికాడు. ఒనేసిమో వేలుపెట్టి మెల్లగా చదివాడు.

"హోసే రఫాయెల్ అను నాలుగు దినముల శిశువుకు జ్ఞానస్నానమిచ్చితిని. తండ్రి తెలియదు. తల్లి లుగార్దా, దోన్ సాంతియాగో బెల్మోంతే ఇంట పనిచేయు ఇండియన్."

ఇండియన్ అంటే ఇక్కడి ఆదివాసి. నేను మిషను పిడి వదిలేశాను. దోన్ అదెలైదో మాట గుర్తొచ్చింది. పనివాళ్ళు పేరు తగిలించుకునేవాళ్ళు, మీది ఆ బాపతేమో. ఆయనన్నదే నిజమైంది. చెంప మీద కొట్టినట్టయింది. తెచ్చుకున్న చిక్కుడుగింజల తొర్తియా రొట్టె విప్పకుండానే సంచిలోకి తోసేశాను.

"ఇంకేముందండి. ఇంటికెళ్తా."

"తండ్రి తెలియదన్నాడనా?" ఒనేసిమో ముక్కు మీదికి జారిన కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "ఈ పుస్తకాల నిండా తెలియని తండ్రులే తల్లీ. ఊరికి నలభై కొంపలు. అవతలి ఇంట్లో కోడి పోతే ఇవతలి ఇంటివాడికి తెలుస్తుంది. బిడ్డకు తండ్రెవరో మాత్రం ఎవడికీ తెలియదు! చూడు, నీకు నాన్న దొరక్కపోతే పోయె, అమ్మ దొరికిందిగా. ఆవిడెవరో కనుక్కోవా?"

ఆ మాటకు సిగ్గేసింది. మళ్ళీ కూర్చున్నాను.

లుగార్దా జ్ఞానస్నానం 1829లో ఉంది. "సుమారు ఏడేళ్ళ నవహో తెగ పిల్ల, దోన్ సాంతియాగో బెల్మోంతే విడిపించి తెచ్చుకున్నది. లుగార్దా అని పేరు పెట్టితిని."

"విడిపించి అంటే? ఎవరైనా చెరపట్టారా ఆ పిల్లని?"

"చెరపట్టినవాళ్ళూ మనవాళ్ళే, విడిపించినవాళ్ళూ మనవాళ్ళే. దాడికెళ్ళి పిల్లల్ని ఎత్తుకొచ్చేవాళ్ళు. సంతలో ఒక గుర్రానికో, నాలుగు దుప్పట్లకో మార్చుకునేవాళ్ళు. కొన్నాడని రాస్తే పాపం కదా, అందుకని విడిపించాడని రాసేవాళ్ళు."

"మరి అంతకు ముందు ఆ పిల్ల పేరేంటి? ఏడేళ్ళ పిల్లకి పేరుండదా?"

ఒనేసిమో నవ్వలేదు. "ఉంటుంది. ఎవరూ అడగలేదు."

ఆ రోజు తిరుగు దారిలో ట్రక్కు పక్కకు ఆపి కేకలు పెట్టాను. ఎవరి మీదో తెలియదు. మా బస్సెక్కే రెండో తరగతి పిల్లలకు ఏడేళ్ళుంటాయి. బూటు తాడు కట్టుకోవడం రాదు వాళ్ళకి. ఏడుస్తూ వచ్చి నా ఒళ్ళో కూర్చుంటారు.

తర్వాత వారం ఖననాల పుస్తకం తీశాం. హోసే రఫాయెల్ కాక లుగార్దాకు ఇంకా నలుగురు పిల్లలున్నారని అప్పుడే తెలిసింది. నలుగురూ పోయారు. ఇద్దరికి పేర్లున్నాయి, మరియా పేత్రా, హువాన్ నెపొముసేనో. మిగతా ఇద్దరినీ "బెల్మోంతే వారి ఇండియన్ బిడ్డ" అని రాసి వదిలేశారు. ఆడో మగో కూడా లేదు. అన్నిట్లోనూ తల్లి లుగార్దా, తండ్రి తెలియదు. పదేళ్ళలో అయిదుసార్లు, ఒకే ఇంట్లో, తెలియదు.

దోన్ సాంతియాగో 1863లో పోయాడు. ఆయన ఖననానికి పదకొండు పంక్తులు. పాట పూజ, ఆరు కొవ్వొత్తులు, చర్చి లోపల పీఠానికి దగ్గరగా సమాధి. తర్వాత కంచె వచ్చాక ఎముకలు అందులోకి మార్చారు. రెండు పేజీలు తిప్పితే 1865 జనవరి. "లుగార్దా, ఇండియన్, పనిమనిషి. తోట దిగువ మూలన దానముగా పూడ్చితిని." ఒకటిన్నర పంక్తి. అంతే.

దిగువ మూల. మా నాన్న ఉన్న వైపే.

ఇక చాలనుకున్నాను. ఒనేసిమో వదల్లేదు. "మీ హోసే రఫాయెల్ పెళ్ళి చూశాం గానీ, పెళ్ళికి ముందు విచారణ కాగితాలు చూళ్ళేదు. వధూవరులకి రక్తసంబంధం ఉంటే గురువు పైవాళ్ళ అనుమతి తెప్పించాలి. అవి వేరే చుట్టలో ఉంటాయి" అన్నాడు.

"వాళ్ళకి రక్తసంబంధం ఎందుకుంటుంది?"

"ఉండదు. ఊరికే చూద్దాం. సాయంత్రం దాకా నాకూ పని లేదు."

ఆగస్టు రెండో మంగళవారం అది బయటపడింది. 1868 నాటి కాగితం, రెండు వైపులా రాసి ఉంది. ఒనేసిమో చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు. తర్వాత నోరు కదుపుతూ కళ్ళతోనే చదివి, చివరికి తెర ముందు నుంచి పక్కకు జరిగాడు. "నువ్వే చదువు తల్లీ. ఇప్పుడు నీకు వచ్చుగా."

చదివాను. వరుడు హోసే రఫాయెల్, కీర్తిశేషులు దోన్ సాంతియాగో బెల్మోంతేకు అక్రమముగా పుట్టిన కొడుకు. వధువు కిరీనా, అదే దోన్ సాంతియాగో తోడబుట్టిన చెల్లెలికి మనవరాలు. కనుక ఇద్దరికీ రక్తసంబంధమున్నది. ఇది ఊరిలో అందరూ ఎరిగిన విషయమని ముగ్గురు పెద్దలు ప్రమాణము చేసి చెప్పిరి.

అందరూ ఎరిగిన విషయం! బిడ్డ పుట్టిన నాడు ఆ ఊళ్ళో ఎవడికీ తెలియదు. ఆ బిడ్డ పెళ్ళి చేసుకుంటానన్న నాడు అందరికీ తెలుసు. ఇంటిపేరు ఇవ్వాల్సినప్పుడు మూసుకున్న నోళ్ళు, ఆపాల్సి వచ్చేసరికి తెరుచుకున్నాయి.

కింద ఇంకో రెండు పంక్తులున్నాయి. అనుమతి ఇచ్చారు. అయితే పాపపరిహారంగా వరుడు ఒక సంవత్సరం పాటు ఊరి చర్చికి ఉచితంగా గోతులు తవ్వాలి.

ఎవరి పాపం? ఆయన చేసిన పాపమేమిటి, పుట్టడం తప్ప? ఆ ఏడాది ఎప్పటికైనా తీరిందని ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు. మా తాత ప్రుదెన్సియో తవ్వాడు. మా నాన్న తవ్వాడు. ఎవరూ అడక్కుండానే, ఇది మా ఇంటి పని అన్నట్టు.

"తల్లీ, నీళ్ళు తాగు" అన్నాడు ఒనేసిమో. 

అన్ని కాగితాలకూ మేత్రాసనం ముద్రతో నకళ్ళు తీయించుకుని నేరుగా అడితికి వెళ్ళాను. దోన్ అదెలైదో నిలబడే చదివాడు. పెళ్ళి కాగితం దగ్గరికి వచ్చేసరికి కూర్చున్నాడు. లేచి గది తలుపు మూశాడు.

"ఇవి ఎవరెవరికి చూపించావు?"

"మీకే. కాగితం తెమ్మన్నారుగా."

"నియమాల్లో సక్రమ సంతానం అని ఉందమ్మా."

"మార్చిలో ఆ మాట అనలేదే? రక్తం అన్నారు. ఇదిగో రక్తం, ముగ్గురు పెద్దలు ప్రమాణం చేసిన రక్తం."

ఆయన కిటికీలోంచి దూలాల దొంతర్ల వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు మార్చాడు. "దెల్ఫీనియా, మనం మనం ఒకటి. వచ్చే ఏడాది చర్చికి నూట డెబ్బై అయిదేళ్ళు. వంశవృక్షం అచ్చు వేయిస్తున్నాను. స్పెయిన్ ఎంబసీ వాళ్ళు వస్తామన్నారు. ఇలాంటప్పుడు ఈ చెత్తంతా ఎందుకు? మీ నాన్నని లోపలికి మార్పిస్తా. రాయి నేనే వేయిస్తా. కెప్టెన్‌గారికి ఎదురుగానే చోటు. ఈ కాగితాలు మాత్రం నా బీరువాలో ఉంటాయి."

"ఏది చెత్త?"

"ఆ ఇండియన్ పనిమనిషి గొడవ. మనం స్వచ్ఛమైన స్పానిష్ వాళ్ళం. మూడొందల ఏళ్ళుగా."

"ఆ పనిమనిషి మా నాన్నకి తాతమ్మ. ఏడేళ్ళప్పుడు ఎత్తుకొచ్చారు. మీ కెప్టెన్ ఆమెతో అయిదుగురు పిల్లల్ని కని ఒక్కరికీ తండ్రి కాలేదు. ఇంతకాలం నేను ఆయన వంశం కాదేమోనని కుమిలిపోయాను దోన్ అదెలైదో. ఇప్పుడు అయినందుకు ఒళ్ళు కంపరంగా ఉంది."

"నోరు జాగ్రత్త! మీ నాన్న ఏనాడూ ఇలా మాట్లాడలేదు."

"అవును, మాట్లాడలేదు. అందుకే ఆ మూల చెత్తకుప్ప పక్కన పడుకున్నాడు."

నా కాగితాలు నేను తీసుకుని వచ్చేశాను. అబద్ధం చెప్పను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాన్నకి పాలరాయి, కెప్టెన్‌కి ఎదురుగా చోటు. ఎవరికి చెడ్డ? నాన్నే బతికుంటే ఏమనేవాడు? "ఒప్పుకోవే, గొడవెందుకు" అనేవాడు. నాకు తెలుసు. ఆ మాటే నా కోపాన్ని ఇంకా పెంచింది. అంత మంచి మనిషికి అంత తక్కువతో సరిపెట్టుకోవడం ఎవరు నేర్పారు?

నవంబరు మొదట్లో సమాధుల పండుగ. అంతకు ముందు శనివారం ఊరంతా తోట శుభ్రం చేయడానికి వస్తారు. గడ్డి కోస్తారు, శిలువలకు సున్నం వేస్తారు, మధ్యాహ్నం ఎర్ర మిరప కూర వండుకుని తింటారు. కూర గిన్నెలు దించగానే నేను కాగితాలు తీసి నిలబడ్డాను. ఫాదర్ కెవిన్‌కు ముందే చెప్పాను. "ఇది సమయం కాదేమో" అన్నాడు. "నూట ఇరవై రెండేళ్ళయింది ఫాదర్. ఎప్పుడు సమయం?" అని అడిగాను. ఆయన వద్దనలేదు.

చదివాను. నా మాట ఒక్కటీ కలపకుండా గురువులు రాసింది రాసినట్టు చదివాను. ఏడేళ్ళ నవహో పిల్ల. తండ్రి తెలియదు. తండ్రి తెలియదు. బెల్మోంతే వారి ఇండియన్ బిడ్డ. పదకొండు పంక్తులు చదివి, ఒకటిన్నర పంక్తి చదివాను. పెళ్ళి కాగితానికి వచ్చేసరికి దోన్ అదెలైదో జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"చాలు, ఆపు! చచ్చిపోయినవాళ్ళ మీద బురద చల్లడానికి నీకెవరిచ్చారు అధికారం? ఎవడో రాసిన గాలి మాటలు!"

"గాలి మాటలు కాదురా."

అందరూ వెనక్కి తిరిగారు. రమోన్సితా. బల్ల మీద కూర్చున్నది కర్ర పట్టుకుని లేస్తోంది.

"మా నాయనమ్మ చెప్పింది నాకు. పోయే ముందు ఇంట్లో ఆడవాళ్ళందరినీ పిలిచి చెప్పింది. హోసే రఫాయెల్ మొహం, కెప్టెన్ కొడుకు మా తాత మొహం ఒక్క అచ్చులో పోసినట్టుండేవిట. ఎక్కడా అనొద్దని ఒట్టు వేయించుకుంది."

"అత్తా, కూర్చో. నీకు మతి తప్పింది."

"మతి తప్పితే ఎనభై ఏళ్ళు నోరు మూసుకుని ఉండేదాన్నట్రా? మతి ఉండబట్టే మూసుకున్నా. సిగ్గు లేదూ నీకు? క్లియోఫాస్ చేత మీ అమ్మకి గొయ్యి తవ్వించుకున్నావు, మీ నాన్నకి తవ్వించుకున్నావు. వాడు చస్తే వంశం అడిగావు!"

దోన్ అదెలైదో మొహం కందగడ్డలా అయిపోయింది. టోపీ నెత్తిన కొట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయనతో పై వీధివాళ్ళు పదిహేను మంది దాకా లేచి వెళ్ళారు. కూర తినకుండానే.

వాళ్ళు వెళ్ళడం నాకు బాధనిపించలేదు. మా కింది వీధివాళ్ళే నన్ను కాల్చుకు తిన్నారు. మా పినతండ్రి కూతురు ఎయుఫేలియా అందరిముందూ నా మీదికి వచ్చింది. "ఏం సాధించావే? నా పిల్లలు రేపు బళ్ళో ఏమని చెప్పుకోవాలి? స్పానిష్ వాళ్ళమని తలెత్తుకు తిరుగుతున్నాం. మమ్మల్ని దాసీదాని సంతానాన్ని చేసి పెట్టావు!"

"నేను చెయ్యలేదే. నూట నలభై ఏళ్ళ కిందట చేసేశారు."

"నీకు పిల్లల్లేరు. నీకేం తెలుస్తుంది?" అని ఉమ్మేసి వెళ్ళింది. అంతవరకూ ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నవాళ్ళం.

ఆ సోమవారం మెలితోన్ దేవదారు కర్రతో ఒక శిలువ చేసుకొచ్చాడు. దాని మీద లుగార్దా పేరు, ఇద్దరు పిల్లల పేర్లు, ఇంకా ఇద్దరు అని చెక్కాడు. దిగువ మూల చెత్తంతా బండి మీద ఎత్తిపోయించి అక్కడ పాతాం. ఆమె సరిగ్గా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రమోన్సితా వచ్చి పక్కనే కుర్చీ వేయించుకుని జపమాల చెప్పింది.

జనవరిలో దోన్ అదెలైదో తమ్ముడు బెలార్మినో గుండె ఆగి పోయాడు. మంచివాడే, ఎవరి జోలికీ వెళ్ళేవాడు కాదు. దోన్ అదెలైదో మనిషిని మెలితోన్ దగ్గరికి పంపాడు. మెలితోన్ పొయ్యి ముందు కూర్చునే, "నడుం పట్టేసింది, లేవలేకపోతున్నానని చెప్పు" అన్నాడు. ఇంకొకడి దగ్గరికి పంపితే వాడికీ నడుమే. ఆ రోజు లోమా సెకాలో పార పట్టగల ప్రతి మగాడికీ నడుం పట్టేసింది. ఎవరూ కూడబలుక్కోలేదు, ఒట్టు.

చివరికి పక్క ఊరి నుంచి మట్టి తవ్వే మిషను తెప్పించారు. అది గేటులో పట్టలేదు. దోన్ అదెలైదో చలిలో నిలబడి అటు కొలిచి, ఇటు కొలిచి, ఆఖరికి తలూపాడు. మిషనువాడు పడమటి వైపు కంచెను రెండు పలకల మేర కోసి పడేశాడు.

నేను ఖననానికి వెళ్ళాను. చావు ఇంటికి వండి తీసుకెళ్ళడం మా ఆచారం, కోపం కోపమే, ఆచారం ఆచారమే. చిక్కుడుగింజల గిన్నె తీసుకుని వెళ్ళాను. దోన్ అదెలైదో నా చేతిలోంచి అందుకుని, ఎవరికీ వినపడకుండా అన్నాడు. "నీ పంతం నెగ్గింది కదా."

"నాది పంతం కాదండి, కోపం. అది తగ్గలేదు."

ఆయన గిన్నె లోపలికి తీసుకెళ్ళిపోయాడు. వంశవృక్షం అచ్చయింది. అందులో లుగార్దా లేదు, మేమూ లేము. ఎంబసీ వాళ్ళు వచ్చి ఫొటోలు దిగి వెళ్ళారు. ఏప్రిల్లో సంఘం నుంచి నాకొక ఉత్తరం వచ్చింది, క్లియోఫాస్‌ను లోపలికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని. జవాబు రాయలేదు. కోసిన కంచె మళ్ళీ అతకలేదు.

బడులు మూశాక జూన్ మొదటి మంగళవారం. ట్రక్కు తీస్తుంటే ఎయుఫేలియా మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఉంది. ఏడు నెలలుగా నాతో మాట లేదు. పట్నానికి వెళ్ళే బట్టలు వేసుకుని, చేతిసంచి పొట్టకు అదుముకుని ఉంది.

"మా అమ్మ వైపు... వాళ్ళు కూడా అక్కడ ఉంటారా?"

"ఎక్కు" అన్నాను.

గంటన్నరకి ఇద్దరం నేలమాళిగలోకి దిగాం. ఒనేసిమో ఆమెను మిషను ముందు కూర్చోబెట్టి పిడి తిప్పడం చూపించాడు. ఆమె కళ్ళజోడు తుడుచుకుంటూ, పెదాలతో అక్షరాలు కూడబలుక్కుంటూ మధ్యాహ్నం దాకా చదివింది. మూడు గంటలప్పుడు పిడి ఆగిపోయింది. తెర మీదికి వంగి ఒకసారి చదివింది, వేలు పెట్టి మళ్ళీ చదివింది.

"తెలియదట!" ఎయుఫేలియా కుర్చీ వెనక్కి పడిపోయేట్టు లేచి అరిచింది. "మా అమ్మమ్మ వాళ్ళమ్మకి తండ్రి తెలియదట! ఏ ఇంట్లో పుట్టిందో రాశాడు, ఆ ఇంటి యజమాని పేరు రాశాడు, తండ్రి మాత్రం తెలియదట ఈ దొంగ సచ్చినోడికి!"

గదిలో అందరూ తలలెత్తి చూశారు. బల్ల దగ్గరున్న కన్యస్త్రీ వేలు పెదాల మీద పెట్టుకుని ఉష్ ఉష్ అంటోంది. ఒనేసిమో నా వైపు చూశాడు, ఆపవా అన్నట్టు. నేను ఆపలేదు.